పేరు ఒక చోట, ఇల్లు మరొక చోట

ఒక ఉన్నత పాఠశాలవారు తమ బడికి వెబ్‌సైటు నిర్మించుకొన్నారని అనుకొందము. ఇందుకు గూగుల్ సైట్స్ వంటి సదుపాయములు ఉన్నవి. ప్రోగ్రాములు వ్రాయుట తెలియనివారు కూడ బొమ్మలు, మాటలు తెరమీద అమర్చుకొంటే చాలును, పేజీలు తయారవుతవి. అట్లా తయారైన వెబ్‌సైటుకు "సైట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్" అని మొదలై, చివర బడి పేరు తగిలించిన పొడవాటి చిరునామా లభిస్తుంది. తరువాత వారే మరొక సంస్థవద్ద, ఏడాదికి కొంత రుసుము చెల్లించి, తమ బడికి చక్కని పొట్టి పేరు ఒకటి తీసికొన్నారు. ఇక ఆ పేరు టైపు చేయగానే బడి వెబ్‌సైటు కనపడవలెను కదా! కాని కనపడదు. పేరు ఉన్నది, పేజీలు ఉన్నవి; అయితే పేరుకు ఇల్లు తెలియదు, ఇంటికి పేరు తెలియదు.

ఈ రెండింటికి పరిచయము చేయుట పది నిమిషముల పని. కాని ఆ పది నిమిషములలో చేసే ప్రతి చిన్న మార్పు వెనుక, నలభై ఏండ్లకు పైగా నడుస్తున్న ఒక పెద్ద ఏర్పాటు ఉన్నది. దానిని తెలిసికొనకుండ మార్పులు చేస్తే బడి ఈ-మెయిలు నిలిచిపోవచ్చును. ఒక్కొక్కప్పుడు పేరే పరుల పాలు కావచ్చును. అందుచేత ఆ ఏర్పాటు ఎట్టిదో మొదట చూడవలెను.

అంకెలు యంత్రములకు, పేర్లు మనుష్యులకు

ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తించేది పేర్లతో కాదు, అంకెలతో. పాతకాలపు పద్ధతిలో ఈ అంకెల చిరునామాకు 32 ద్విసంఖ్యా స్థానములు ఉంటవి. దానిని నాలుగు భాగములుగా విడదీసి 192.0.2.10 అన్నట్లు వ్రాస్తారు. 32 స్థానములతో ఏర్పడగల చిరునామాలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. ఇవి చాలక, 128 స్థానములుగల క్రొత్త పద్ధతి కూడ వాడుకలోనికి వచ్చినది.

అంకెలు గుర్తుంచుకొనుట మనుష్యులకు కష్టము. అందువలన మొదటినుండి కంప్యూటర్లకు పేర్లు పెట్టుట అలవాటు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ నడిచిన రోజులలో, ఏ పేరుకు ఏ అంకె అన్న జాబితా అంతా ఒకే దస్త్రములో ఉండేది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున పనిచేసిన బృందము దానిని నిర్వహించేది. క్రొత్త కంప్యూటరు చేరినప్పుడెల్లా జాబితా సవరించవలెను. తక్కినవారందరు దాని నకలు మళ్ళీ తెచ్చుకొనవలెను. కంప్యూటర్ల సంఖ్య పెరిగేకొద్ది ఈ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే శాస్త్రవేత్త దీనికి బదులుగా "డొమైను నామ వ్యవస్థ"ను రూపొందించినాడు. ఆంగ్లములోని మొదటి అక్షరములనుబట్టి దీనిని డి.ఎన్.ఎస్. అంటారు. 1987లో సవరించి ప్రకటించిన దాని నియమములే నేటికిని పునాది.

మొకాపెట్రిస్ చేసిన మార్పులోని సారము ఒక్కటే: జాబితా అంతా ఒకరివద్ద ఉండనక్కరలేదు, ఎవరి పేరుకు సంబంధించిన పద్దులు వారే వ్రాసికొనవచ్చును. బడి పేరును బడివారే తమకు నచ్చిన వెబ్‌సైటుకు కలుపుకొనగలగడానికి కారణము ఇదే.

పేరు వెదకే దారి

పాఠములలోను, ఉదాహరణలలోను వాడుకొనుటకే 1999లో కొన్ని పేర్లు ప్రత్యేకించినారు. "ఎగ్జాంపుల్ డాట్ ఆర్గ్" అట్టిది. ఒక విద్యార్థి తన ఫోనులో ఈ పేరు టైపు చేసినాడనుకొందము. ఫోను ఆ ప్రశ్నను తనకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీవారి సర్వరుకు పంపుతుంది. మన తరఫున తిరిగి జవాబు తెచ్చిపెట్టుట దాని పని కనుక దీనిని వెదకే సర్వరు అనవచ్చును.

వెదకే సర్వరు మొదట మూల సర్వరును అడుగుతుంది. మూల సర్వర్లకు ఎ నుండి ఎం వరకు 13 ఆంగ్లాక్షరముల పేర్లు ఉన్నవి. ఒక్కొక్క పేరుతో అనేక యంత్రములు ప్రపంచమంతటా, భారతదేశములో కూడ, పనిచేస్తున్నవి. మూల సర్వరుకు పూర్తి జవాబు తెలియదు. "డాట్ ఆర్గ్ సంగతి వారికి తెలుసును, వారిని అడుగు" అని దారి చూపుతుంది. డాట్ ఆర్గ్ సర్వరు కూడ, "ఈ పేరు పద్దులు ఫలానా నామ సర్వర్లవద్ద ఉన్నవి" అని మాత్రమే చెపుతుంది. చివరకు ఆ నామ సర్వరు తన పట్టిక చూచి అంకెల చిరునామా ఇస్తుంది. క్రొత్త ఊరికి వచ్చినవాడు కూడలిలో అడిగి వీధికి, వీధిలో అడిగి ఇంటికి చేరినట్లే ఇది. కాని అంతా జరిగేది సాధారణముగా సెకనులో కొద్ది భాగములోనే.

ముగ్గురు వేరువేరు

ఈ వ్యవహారములో మూడు పనులు ఉన్నవి. పేరును నమోదు చేసేవారు ఒకరు. వీరిని రిజిస్ట్రారు అంటారు. ఆ పేరు తాలూకు పద్దుల పట్టికను ఉంచే నామ సర్వరువారు రెండవవారు. పేజీలను నిలువచేసి చూపే వెబ్‌సైటు నిర్మాణ సంస్థ మూడవది. ఒకే కంపెనీ ఈ మూడు పనులు చేయవచ్చును గాని, పనులు మాత్రము వేరువేరు.

ఒక వర్తకుడు అద్దె కొట్టులో దుకాణము పెట్టినాడు. కొట్టు మరొకరిది, తలుపుపైన వ్రేలాడే బోర్డు తనది. కొట్టు మారినప్పుడు బోర్డు విప్పి క్రొత్త కొట్టుకు తగిలించుకొంటాడు. ఖాతాదారులు ఆ బోర్డు చూచి వస్తారు. డొమైను పేరు అట్టి బోర్డు. వెబ్‌సైటు నిర్మాణ సంస్థ ఇచ్చినది అద్దె కొట్టు. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉన్నది. బోర్డు ఒకసారి కొంటే మనదే. డొమైను పేరు శాశ్వతముగా కొన్నది కాదు, గడువువరకు తీసికొన్నది. డాట్ కామ్ పేర్లను ఒక్కసారి పదేండ్లకు మించి నమోదు చేయరు.

పట్టికలోని పద్దులు

నామ సర్వరు పట్టికలో పద్దులు పలురకములు. మన పనికి కావలసినవి ఐదు.

"ఎ" పద్దు పేరుకు ఎదురుగా అంకెల చిరునామా వ్రాస్తుంది. "సి-నేమ్" పద్దు అంకెకు బదులు మరొక పేరును చూపుతుంది. అనగా "ఈ పేరు ఆ పేరుకు మారుపేరు, అక్కడ అడుగు" అని అర్థము. "ఎం.ఎక్స్." పద్దు ఆ పేరుమీద వచ్చే ఈ-మెయిలు ఏ సర్వరుకు చేరవలెనో చెపుతుంది. "టి.ఎక్స్.టి." పద్దులో ఏదైనా వ్రాత ఉంచవచ్చును. "ఎన్.ఎస్." పద్దు ఈ పేరుకు నామ సర్వర్లు ఏవో తెలుపుతుంది.

కలిపే విధము

గూగుల్ సైట్స్‌లోని బడి వెబ్‌సైటునే ఉదాహరణగా తీసికొందము. మొదట పేరు బడివారిదేనని రుజువు చేయవలెను. గూగుల్ ఒక రహస్యమైన అక్షరమాలిక ఇచ్చి, "దీనిని మీ పేరు పట్టికలో టి.ఎక్స్.టి. పద్దుగా వ్రాయండి" అంటుంది. ఆ పట్టికలో వ్రాయగలిగినవాడు ఆ పేరుమీద అధికారము గలవాడే కదా! గూగుల్ ఆ పద్దును చదివి తృప్తి చెందుతుంది.

రెండవది, పట్టికలో మూడు డబ్ల్యులతో మొదలయ్యే పేరుకు సి-నేమ్ పద్దు వ్రాయవలెను. అందులో చూపవలసిన పేరు "జి.హెచ్.ఎస్. డాట్ గూగుల్‌హోస్టెడ్ డాట్ కామ్". ఇక్కడ అంకె వ్రాయక పేరు వ్రాయుటలో ఒక సౌకర్యము ఉన్నది. గూగుల్ తన యంత్రముల అంకెలు ఎన్నిసార్లు మార్చుకొన్నను, తన పట్టికలో తాను మార్చుకొంటుంది. బడివారి పద్దు ముట్టుకొన పనిలేదు.

మూడవది చాలమంది మరచిపోయేది. ఇంటివారికి కూడ పేరు చెప్పవలెను. ఒకే అంకెల చిరునామావద్ద వేలకొలది వెబ్‌సైట్లు కాపురముంటవి. వచ్చినవానిని ఏ గదికి పంపవలెనో తెలియాలంటే, వాడు ఎవరికొరకు వచ్చినాడో చెప్పవలెను. 1997లో ప్రకటించిన వెబ్ నియమములు ఇందుకొరకు ఒక కట్టడి చేసినవి: బ్రౌజరు పేజీ అడిగినప్పుడెల్లా తాను వెదకుచున్న పేరును కూడ తప్పక చెప్పవలెను. కనుక గూగుల్ సైట్స్ అమరికలలో "ఈ వెబ్‌సైటు ఈ పేరుది" అని నమోదు చేయవలెను. అది చేయకుంటే ప్రశ్న సరియైన ఇంటికే చేరినను, ద్వారపాలకుడు "ఆ పేరుగలవారు ఇక్కడ లేరు" అని త్రిప్పి పంపుతాడు.

పేరు కలిసిన తరువాత నిర్మాణ సంస్థ ఆ పేరుకు ఒక భద్రతా ధ్రువపత్రము సంపాదించుకొంటుంది. బ్రౌజరు ఎవరితో మాట్లాడుచున్నదో నిర్ధారించుటకు, మధ్యలో ఎవరును మాటలు చదవకుండుటకు ఇది అవసరము. దీనికి కొన్ని నిమిషములనుండి కొన్ని గంటలు పట్టవచ్చును. ఆలోగా బ్రౌజరు హెచ్చరిక చూపితే కంగారు పడనక్కరలేదు.

మూడు డబ్ల్యులు లేని పేరు

మూడు డబ్ల్యులు లేకుండ పేరు మాత్రమే టైపు చేసేవారు ఎక్కువ. ఆ వట్టి పేరుకు కూడ సి-నేమ్ పద్దు వ్రాస్తే సరిపోదా? సరిపోదు. మారుపేరు పద్దు ఉన్న చోట మరి ఏ ఇతర పద్దు ఉండరాదని 1987 నాటి నియమము. వట్టి పేరువద్దనేమో ఎన్.ఎస్. పద్దులు విధిగా ఉండవలెను. ఈ-మెయిలు ఉన్నచో ఎం.ఎక్స్. పద్దు కూడ ఉంటుంది. ఈ రెండు నియమములు పొసగవు.

దీనికి మార్గములు ఉన్నవి. వట్టి పేరు అడిగినవారిని మూడు డబ్ల్యుల పేరుకు మళ్ళించమని రిజిస్ట్రారుకు చెప్పుట ఒకటి. గూగుల్ సైట్స్‌కు ఇది అనువైనది. కొన్ని సంస్థలు స్థిరమైన అంకెలు ఇచ్చి "ఎ" పద్దులు వ్రాసికొమ్మంటవి. గిట్‌హబ్ పేజెస్ అనే సదుపాయము ఇచ్చే అంకెలలో మొదటిది 185.199.108.153, తక్కిన మూడింటిలో 108 స్థానమున 109, 110, 111 ఉంటవి.

వెంటనే ఎందుకు కనపడదు?

పద్దు మార్చిన తరువాత ఒకరి ఫోనులో క్రొత్త వెబ్‌సైటు, ప్రక్కవాని ఫోనులో పాతది కనపడుట వింతగా ఉంటుంది. వెదకే సర్వరు తెచ్చిన జవాబును కొంతసేపు దాచుకొని, మళ్ళీ అడిగినవారికి అదే ఇస్తుంది. ప్రతిసారి మూల సర్వరు వరకు పోవలసివస్తే ఆ భారము వ్యవస్థ భరించలేదు. ఎంతసేపు దాచుకొనవచ్చునో ప్రతి పద్దులోను సెకన్లలో వ్రాసి ఉంటుంది. 86,400 అని ఉంటే 24 గంటలు. 3,600 అని ఉంటే ఒక గంట.

దీనిలోనే ఒక ఉపాయము ఉన్నది. పద్దులో 86,400 ఉన్నదనుకొందము. మార్పు చేయుటకు ఒక రోజు ముందే ఆ అంకెను 300కు తగ్గించవలెను. 24 గంటలు గడిచేసరికి పాత గడువుతో దాచిన జవాబులన్నీ చెల్లిపోతవి; ఇక ఎవరివద్దనున్న జవాబుకైనను ఆయువు ఐదు నిమిషములే. అప్పుడు పద్దు మారిస్తే ఐదు నిమిషములలో ఇంచుమించు అందరికి తెలుస్తుంది. పని పూర్తియైన పిమ్మట అంకెను మళ్ళీ పెంచవచ్చును.

"అట్టి పేరు లేదు" అన్న జవాబును కూడ సర్వర్లు దాచుకొంటవి. పద్దు వ్రాయకముందే ఆత్రముతో పేరు టైపు చేసి చూచినవారికి, పద్దు వ్రాసిన తరువాత కూడ కొంతసేపు "లేదు" అనియే కనపడుటకు కారణము అదే.

ఈ సంగతులను తరగతిలోనే పరీక్షించవచ్చును. విండోస్ కంప్యూటరులో ఆజ్ఞలు వ్రాసే నల్లని తెర తెరచి, "ఎన్.ఎస్.లుకప్" అన్న మాట ఆంగ్లములో చుక్కలు లేకుండ వ్రాసి, ఒక ఖాళీ విడిచి, ఏదైనా వెబ్‌సైటు పేరు వ్రాయవలెను. జవాబు ఇచ్చిన సర్వరు, అంకెల చిరునామా తెరమీద కనపడతవి. "అలియాసెస్" అన్న మాట కనపడితే ఆ పేరుకు సి-నేమ్ పద్దు ఉన్నదని విద్యార్థులు గ్రహించగలరు.

తెలుగు అక్షరములలో పేరు

డొమైను పేర్లను తెలుగులో కూడ తీసికొనవచ్చును. భారతీయ భాషలకు ఏర్పరచిన "డాట్ భారత్" తెలుగు లిపిలో కూడ ఉన్నది. అయితే వెబ్ పేర్లకు డి.ఎన్.ఎస్. అంగీకరించేది ఆంగ్లాక్షరములు, అంకెలు, అడ్డగీత మాత్రమే. అందువలన తెలుగు పేరును 2003లో ప్రకటించిన ఒక పద్ధతి ప్రకారము ఆంగ్లాక్షరములలోనికి మార్చుతారు. అట్లు మార్చిన రూపము ఎక్స్, ఎన్ అనే రెండక్షరములతోను, రెండు అడ్డగీతలతోను మొదలవుతుంది. బ్రౌజరు ఈ మార్పు తానే చేసికొంటుంది; పట్టికలో వ్రాసేటప్పుడు మాత్రము మార్చిన రూపము అవసరము కావచ్చును.

నాలుగు జాగ్రత్తలు

మొదటిది ఈ-మెయిలు. కొన్ని నిర్మాణ సంస్థలు ఒక్కొక్క పద్దు మార్చుటకు బదులు, నామ సర్వర్లనే తమవాటికి మార్చమంటవి. ఇది సులభమే. కాని మార్చిన తరువాత పాత పట్టికను ఎవ్వరును అడగరు. అందులోని ఎం.ఎక్స్. పద్దులు క్రొత్త పట్టికలో లేకపోతే వెబ్‌సైటు చక్కగా కనపడుతుంది, ఈ-మెయిలు మాత్రము చేరదు. పరీక్షల దినములలో ఇట్లు జరిగితే పాఠశాలకు కలిగే చిక్కు ఎంతటిదో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. కనుక పాత పట్టికలోని పద్దులన్నీ ముందుగా కాగితముమీద వ్రాసి ఉంచుకొనవలెను.

రెండవది విడిచిపెట్టిన పద్దు. వెబ్‌సైటు తీసివేసి సి-నేమ్ పద్దు తుడిచివేయనిచో, బోర్డు ఖాళీ కొట్టును చూపుచున్నట్లే. నిర్మాణ సంస్థ యాజమాన్యపు రుజువు గట్టిగా అడగనిదైతే, మరొకడు ఆ ఖాళీలో చేరి బడి పేరుమీద తన పేజీలు చూపగలడు. ఇల్లు ఖాళీ చేసిననాడే పద్దు తుడిచివేయవలెను.

మూడవది గడువు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి పేర్లు గడువు తీరి రద్దయిన తరువాత కూడ 30 దినములలో అదనపు రుసుముతో విడిపించుకొనవచ్చును. అదియు దాటితే పేరు ఎవరైనను తీసికొనవచ్చును.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైనది: నమోదు ఎవరి పేరున ఉన్నది? వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చినవాడు తన ఖాతాలోనే పేరు తీసికొంటే, రిజిస్ట్రారు దృష్టిలో అధికారి అతడే. అతడు ఊరు మారినను, ఫోను నంబరు మార్చినను పాఠశాల చేతిలో ఏమియు మిగలదు. నమోదు పాఠశాల పేరునే ఉండవలెను. రిజిస్ట్రారు పంపే ఉత్తరములు ఒక ఉపాధ్యాయుని సొంత ఈ-మెయిలుకు గాక, పాఠశాల కొరకు తెరచిన ఖాతాకు రావలెను. ఆ ఖాతా కూడ అదే డొమైను పేరుమీద ఉండరాదు. పేరు ఆగిపోయిననాడు దానిని బాగుచేసే ఉత్తరము కూడ అందదు. విద్యాసంస్థలకు ప్రత్యేకించిన ఎ.సి. డాట్ ఇన్, ఎడ్యు డాట్ ఇన్ పేర్లను ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ నమోదు చేస్తుంది.

పేరు మనదైతే

1994లో ప్రారంభమైన జియోసిటీస్ అనే సదుపాయములో లక్షలాది సామాన్యులు తమ మొదటి వెబ్ పేజీలు నిర్మించుకొన్నారు. 1999లో దానిని యాహూ కంపెనీ కొన్నది. 2009 అక్టోబరులో అమెరికాలోని జియోసిటీస్‌ను మూసివేసినది. పేజీలను ముందుగా దాచుకొన్నవారు మరొక చోట పెట్టుకోగలిగినారు. కాని వారి చిరునామాలు జియోసిటీస్ పేరుతో ముడిపడినవి; పుస్తకములలో, ఇతరుల పేజీలలో, స్నేహితుల జ్ఞాపకములలో ఉన్న ఆ చిరునామాలన్నీ ఒక్కసారిగా ఎక్కడికిని పోని దారులైనవి.

2023లో గూగుల్ తన డొమైను నమోదు వ్యాపారమును స్క్వేర్‌స్పేస్ అనే కంపెనీకి అమ్మివేసినప్పుడు, ఆ ఖాతాదారులకు రిజిస్ట్రారు మారినాడు గాని వారి పేర్లు మారలేదు. ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే తేడా తెలుస్తుంది. పాఠశాల పేరు పాఠశాల చేతిలో ఉన్నంతకాలము, వెబ్‌సైటును ఏ సంస్థనుండి ఏ సంస్థకు మార్చుకొన్నను, పట్టికలో ఒక పద్దు మార్చితే సరిపోతుంది. పదేండ్ల క్రిందట చదివి వెళ్ళిన విద్యార్థి కూడ పాత పేరే టైపు చేసి తన బడికి చేరుకోగలడు.